వేట కోటు మీద పసుపు చెయ్యి

సింగపూర్ వెళ్ళి వచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది నీళ్ళు చిమ్మే సింహం గురించి. చూడలేదు. పడవ మోస్తున్నట్టు కట్టిన ఆ మూడు మేడలు ఎక్కావా? ఎక్కలేదు. మరి అన్ని రోజులు ఏం చేశావమ్మా అంటే, ఒక కోటు చూపించాను, ఉతికాను, ఆరేశాను, మళ్ళీ చూపించాను అని చెప్పాల్సి వస్తుంది. వాళ్ళు నవ్వుతారు. వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి దాచకుండా రాస్తాను, నాకు తల కొట్టేసినట్టయిన చోటు కూడా.

నా పేరు సుజాత. చిలకలూరిపేట శివార్లలో ఒక చిన్న కుట్టు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా క్వాలిటీ చూస్తున్నాను. మేం కుట్టేవి మనూళ్ళో ఎవరూ వేసుకోరు. వాన జాకెట్లు, కొండలెక్కేవాళ్ళ చలికోట్లు, చేపలు పట్టేవాళ్ళ చేతుల్లేని కోట్లు. పేరు ఏదో విదేశీ కంపెనీది, కుట్టు మాది. ఈసారి మొదటిసారిగా వేటగాళ్ళ కోటు వచ్చింది. శాంపిల్ పాసైతే నాలుగు వేల పీసుల ఆర్డరు. ఎండాకాలం నుంచి మూతపడి ఉన్న రెండో లైను తెరుచుకుంటుంది, ఇంట్లో కూర్చున్న ముప్పై ఆరుమంది ఆడవాళ్ళు మళ్ళీ మిషన్ల మీదికి వస్తారు. ఫెయిలైతే ఆ ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. ఏ సంగతో తేల్చే ఆఫీసు సింగపూర్‌లో ఉంది. వెళ్ళాల్సింది మా యజమాని. ఆయన బాత్‌రూమ్‌లో జారిపడి కాలికి కట్టు కట్టించుకున్నారు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగేది నేనే కాబట్టి టికెట్టు నా పేరున తీశారు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మా దగ్గర ఏ కొత్త రకం మొదలుపెట్టినా మొదటి పీసుకు పూజ చేస్తాం. లైన్లో అందరికంటే పెద్దది కోటమ్మ. ఆవిడే కాలరు లోపల ఒకటి, జేబు మీద ఒకటి పసుపు బొట్టు పెట్టి, అగరొత్తులు తిప్పి, కర్పూరం వెలిగిస్తుంది. చెయ్యమని చెప్పేది నేను. ఆ తరువాత బొట్లు కనపడకుండా తుడిచి ప్యాక్ చేసేదీ నేనే. ఇన్నేళ్ళలో ఏ కంపెనీవాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఈ కోటుకు వెనకవైపు, నడుము దగ్గర అడ్డంగా ఒక పెద్ద జేబు ఉంది. లోపల రబ్బరు లాంటి అస్తరు. ఎందుకో మాకు పంపిన కాగితాల్లో రాసి లేదు. కోటమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అడివికి పొయ్యేవాడు అన్నం తీసకపోడా ఏంది? క్యారేజీ పెట్టుకోటానికి. కూర కారినా బట్టకి అంటకుండా రబ్బరేశారు," అని తేల్చేసింది. అందరికీ సబబుగానే తోచింది. అప్పట్నుంచి అది క్యారేజీ జేబు అయింది. అన్నం పెట్టుకునే చోటు కదా అని రెండో బొట్టు దానికే పెట్టింది.

ఉక్కలో చలిగది

మా పిన్ని కూతురు లలిత సెంబవాంగ్‌లో ఉంటుంది. భర్త ప్రసాద్ జురాంగ్ ఐలాండ్‌లో ఇంజినీరు. నేను లేవకముందే వెళ్ళేవాడు, వచ్చాక తిని పడుకునేవాడు. ఉన్నన్నాళ్ళూ మేం మాట్లాడుకున్నది పది మాటలు కూడా ఉండవు. కూతురు హాసినికి పన్నెండేళ్ళు. తెలుగులో అడిగితే సగం ఇంగ్లీషు కలిపి జవాబు చెబుతుంది, చివర ఒక "లా" తగిలిస్తుంది.

నేను దిగిన మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని మాల్‌కి బయలుదేరారు. డిసెంబర్లో వీళ్ళు జపాన్ వెళతారట, చలికోట్లు చూడాలట. బయట ఉక్క. ఎండ మన మే నెలంత ఉండదు గానీ గాలి మాత్రం తడిబట్ట కప్పినట్టు ఒంటికి అంటుకుంటుంది. నా జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఏడాది పొడుగునా ఇంతేనా అని అడిగితే, "ఇంతే అక్కా. ఇక్కడ రెండే కాలాలు, ఏసీ లోపల ఒకటి, ఏసీ బయట ఒకటి," అంది లలిత.

అలాంటి ఊళ్ళో మాల్‌లో మూడో అంతస్తు సగం మంచుబట్టలే. బాతు ఈకలు కూరిన కోట్లు, బొచ్చు టోపీలు, మోకాళ్ళ దాకా బూట్లు. నేను నిలబడిపోయాను. అంతకంటే విడ్డూరం, దుకాణం మధ్యలో ఒక అద్దాల చలిగది. కోటు వేసుకుని అందులోకి వెళ్ళి, చలి ఆగుతోందో లేదో చూసుకుని కొనుక్కోవచ్చు. హాసిని నాకూ ఒక కోటు తొడిగి లోపలికి లాక్కెళ్ళింది. నేత చీర మీద ఎర్ర కోటు, కాళ్ళకు చెప్పులు. రెండు నిమిషాల్లో కాలివేళ్ళు కొంకర్లు పోయాయి. బయటికి రాగానే కళ్ళద్దాలు మంచుపట్టి ఏమీ కనపడక ఎవరి కాలో తొక్కాను.

అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ కోటు విప్పి లోపలి కుట్లు చూడటం మొదలుపెట్టాను. పక్క కుట్టులో వేలెడంత తెల్ల గుడ్డముక్క, దాని మీద అంకెలు. ఆ అంకెలు నాకు తెలుసు. అది మా ఫ్యాక్టరీ నంబరు. కిందటేడు మా మొదటి లైన్లో కుట్టిన కోటది, నా చేతి మీదుగా పోయిన కోటు. సొంత పిల్లని పరాయి ఊరి సంతలో చూసినట్టయింది. సంతోషంగా ధర చీటీ తిప్పాను. ఎనిమిది వందల తొంభై డాలర్లు. లలిత రూపాయల్లో చెప్పింది. మా లైన్లో అమ్మాయికి నాలుగు నెలల జీతం పైమాటే.

"దొంగ సచ్చినోళ్ళు," అన్నాను పైకే. అక్కడున్న సేల్స్ అమ్మాయి కోటు నచ్చిందనుకుని చేతులు జోడించి నవ్వింది. హాసిని మాత్రం కోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, "పెద్దమ్మా, ఇది నువ్వు చేశావా? సో కూల్ లా!" అంది. ఆ మాటకు కోపం సగం దిగింది.

టిష్యూ పొట్లం

మర్నాడు బుధవారం, నా పని ఉన్న రోజు. ఆఫీసు ఉబి అనే చోట ఉంది. ఒక పెద్ద భవనంలో అంతస్తుకు పది చిన్న కంపెనీలు, లారీ పట్టేంత లిఫ్టు. గంట ముందే చేరాను. కింద హోటళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉన్న తిండిశాల ఉంది, హాకర్ సెంటర్ అంటారు. లలిత మంచి పనికి వెళుతున్నానని నిమ్మకాయ పులిహోర కట్టిచ్చింది. అన్ని బల్లలూ నిండి ఉన్నాయి. ఒక్కటే ఖాళీ. దాని మీద ఎవరో మర్చిపోయిన టిష్యూ కాగితాల పొట్లం. అదృష్టమనుకుని కూర్చున్నాను.

చేత్తో తిన్నాను. కుళాయి ఎక్కడో దూరంగా ఉంది. ఆ టిష్యూలే నాలుగు తీసి చెయ్యి తుడుచుకున్నాను. గోరింకలు బల్ల మీదికే వచ్చేస్తుంటే నాలుగు మెతుకులు విదిలించాను. పళ్ళేలు తీసే పెద్దాయన పరిగెత్తుకొచ్చి, "ఆంటీ! కెనాట్, కెనాట్! ఫైన్!" అని అరిచాడు. పక్షులకు మెతుకులు వేస్తే ఇక్కడ జరిమానా అట. నేను బిక్కచచ్చిపోయాను. ఆ కంగారు తగ్గకముందే ఒక ఆఫీసు అమ్మాయి నూడుల్స్ పళ్ళెంతో వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఆంటీ, నేను చోప్ చేశాను కదా," అంది పొట్లం చూపిస్తూ.

చోప్ అంటే సీటు ఆపుకోవడం. టిష్యూ పొట్లం పెట్టి వెళితే ఆ బల్ల వాళ్ళదే, ఇంకెవరూ కూర్చోరు. మనం బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తామే, అదే పద్ధతి. తేడా ఏమిటంటే మన దగ్గర కర్చీఫ్ వేసినా కొట్లాట తప్పదు, ఇక్కడ ఆ పద్ధతి తప్పింది నేనొక్కదాన్నే. ఆ అమ్మాయి సీటు ఆక్రమించి, ఆ అమ్మాయి టిష్యూలతోనే చెయ్యి తుడుచుకున్నాను. సిగ్గుతో లేచి నిలబడితే తనే నవ్వి, మిగతా పొట్లం కూడా నా చేతిలో పెట్టింది.

చెవి, ముక్కు, దీపం

శాంపిళ్ళు చూసేది లిమ్ అనే పెద్దాయన. డెబ్బై దగ్గర పడి ఉంటాయి. ఆఫీసులో అందరూ అంకుల్ అంటున్నారు, నేనూ అంకుల్ అనే పిలిచాను. వాళ్ళ నాన్న సెంబవాంగ్‌లో ఇంగ్లీషు నేవీ వాళ్ళకు యూనిఫారాలు కుట్టేవాడట. ఈయన ఇక్కడి కుట్టు ఫ్యాక్టరీల్లోనే పెరిగాడు. ఆ ఫ్యాక్టరీలన్నీ చవక దేశాలకు వెళ్ళిపోయాక ఈ గది, ఈయన మిగిలారు.

కవరులోంచి కోటు తీసి హ్యాంగరుకు తగిలించి, భుజం మీద చేత్తో ఒకసారి సవరించాను. ముడత ఉన్నా లేకపోయినా అలా చెయ్యడం నా అలవాటు. పీసు చూడటం అయిపోయిందనడానికి మా లైన్లో అదే గుర్తు. లిమ్ గారు తెల్ల గ్లవ్స్ వేసుకున్నారు. టేపు తీస్తారనుకుంటే, కళ్ళు మూసుకుని కోటు చేతిని తన చెవి దగ్గర పెట్టుకుని రుద్దారు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. కళ్ళు తెరిచి, "గుడ్. చప్పుడు లేదు," అన్నారు.

వేట కోటు చప్పుడు చెయ్యకూడదట. కొమ్మకు రాసుకుని గరగరమందంటే జింక వంద అడుగుల దూరంలోనే వినేస్తుందట. పద్నాలుగేళ్ళలో నేను గుడ్డను చూశాను, తడిమాను, లాగాను, దారం కాల్చి కూడా చూశాను. చెవి పెట్టి విన్నది లేదు.

తరువాత ముక్కు. కాలరు దగ్గర ముక్కు పెట్టి లోపలికి పీల్చి, చటుక్కున తల వెనక్కి తీసుకున్నారు. "టెంపుల్," అన్నారు.

అగరొత్తులు. కర్పూరం.

"ఈ వాసన తగిలితే జింక ఇంటికెళ్ళి పడుకుంటుంది లా," అన్నారు. నవ్వుతూ అనలేదు. నన్ను పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి లైటు ఆర్పేశారు. ఊదారంగు దీపం ఒకటి వెలిగించారు. బట్టలు తెల్లగా కనపడాలని సబ్బుల్లో కలిపే మందు ఈ దీపం కింద మెరుస్తుందట. మన కళ్ళకు కనపడకపోయినా జింక కళ్ళకు కనపడుతుందట. అందుకని కంపెనీ రూలు ఒక్కటే, దీపం కింద కోటు మీద ఏదీ మెరవకూడదు.

కాలరు లోపల బొట్టు వెలిగింది. నేను తడిగుడ్డతో తుడిచేసి, పోయిందనుకున్న బొట్టు. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో, గుండ్రంగా. వెనక జేబు మీద రెండోది. లిమ్ గారు కోటును మెల్లగా తిప్పారు. భుజం మీద ఐదు వేళ్ళు వెలిగాయి, సగం అరచెయ్యితో సహా. ఎవరో కనపడని మనిషి ఆ కోటు భుజం మీద చెయ్యి వేసి మా పక్కనే నిలబడ్డట్టుంది.

"ఎవరు?" అన్నారు లిమ్ గారు.

ఆలోచించలేదు. పసుపు ముట్టుకునేది ఆవిడ, ఇంకెవరవుతారు? "కోటమ్మ," అన్నాను. ఆయన ఒక ఫారం ఇచ్చారు. మరక ఎలా పడింది, ఎవరి వల్ల పడింది. కోటమ్మ పేరు రాశాను. పూజ చెయ్యమని చెప్పింది ఎవరో రాయడానికి అందులో గడి లేదు, నేనూ చెప్పలేదు. "ఈ మనిషి మా కోట్లు ముట్టుకోకూడదు. ఓకే?" అన్నారు. ఓకే అన్నాను.

శుక్రవారం పదింటికల్లా వాసనా మెరుపూ లేకుండా తెస్తే మళ్ళీ చూస్తానన్నారు. అప్పటికీ కాకపోతే మాతో పోటీలో ఉన్న ఇంకో రెండు ఫ్యాక్టరీల శాంపిళ్ళు కంపెనీకి పంపేస్తారు. వాసన లేని సబ్బునీళ్ళు చిన్న సీసాలో పోసిచ్చారు.

చికెన్ రైస్ ముందు

నా మొహం చూసి జాలిపడ్డారేమో, "మకాన్? పద, తిందాం," అని కిందికి తీసుకెళ్ళారు. మళ్ళీ అదే తిండిశాల. ఈసారి టిష్యూ పొట్లం ఆయన పెట్టారు. చికెన్ రైస్ తెచ్చారు. ఉడికించిన కోళ్ళను మెడలతో సహా అద్దాల వెనక వేలాడదీశారు. నాటుకోడి పులుసంటే చెవి కోసుకునే మనిషిని, అయినా ఆ వేలాడే తలలు చూస్తే ముద్ద దిగలేదు. పచ్చిమిరప, అల్లం కలిపిన పచ్చడి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. దాంతోనే అన్నం తిన్నాను.

ఏదో మాట్లాడాలని, క్యారేజీ జేబు బాగా కుట్టాం కదా అంకుల్ అన్నాను. ఏ జేబు అన్నారు. చెప్పాను, అన్నం క్యారేజీ, కూర కారకుండా రబ్బరు. ఆయన చెంచా కింద పెట్టేశారు.

"అన్నం కాదు. పక్షి," అన్నారు. "కాల్చిన పక్షిని అందులో వేసుకుంటారు. ఒంట్లో వేడి కూడా పోయి ఉండదు. నెత్తురు కారితే కడగడానికి ఆ రబ్బరు."

మాంసం తినని దాన్నేం కాదు. కానీ మా వాళ్ళంతా ఆ జేబు చుట్టూ చేరి, ఇందులో మూడు గిన్నెల క్యారేజీ పడుతుందా, నాలుగు గిన్నెలదా అని కొలతలు వేశారు. కోటమ్మ దానికి దణ్ణం పెట్టింది. బల్ల పక్కనే గోరింక ఒకటి గెంతుతోంది. నాలుగు మెతుకులు వేస్తే జరిమానా వేసే ఊరు. పక్షుల్ని కాల్చి వేసుకునే జేబు సరిగ్గా ఉందో లేదో తేల్చేదీ ఈ ఊళ్ళోనే. లిమ్ గారికి ఇదేం వింతగా లేదు. "నేను తుపాకీ ముట్టుకోలేదు, నా పని కోటు," అన్నారు. నా పని కూడా అంతే కదా అనుకున్నాను, కానీ పళ్ళెం పక్కకు జరిపేశాను.

సాయంత్రం కోటమ్మకు ఫోన్ చేశాను. కోడలి ఫోన్లో దొరికింది. ఏం జరిగిందో చెప్పి గట్టిగా కేకలేశాను.

"బొట్టు నేనే పెట్టానమ్మా, కాదనటంలా," అంది. "ఉంగరం ఏలితో పెట్టి చెయ్యి కడుక్కున్నా. భుజం మీద చెయ్యెందుకేస్తానమ్మా నేను?"

"దీపం కింద ఐదు వేళ్ళూ కనపడ్డాయి కోటమ్మా. నాతో వాదించకు."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఆర్డరొస్తే నువ్వా లైన్లో ఉండకూడదు. పేరు రాసిచ్చేశాను."

"నేనొక్కదాన్ని పోతే మిగతావాళ్ళకి పనొస్తదా?" అని అడిగింది. వస్తుందన్నాను. "అట్టయితే కానియ్యండి," అని పెట్టేసింది. ఆ మాట వినగానే నాకు తేలికపడింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తేలికే పడింది.

తొమ్మిదో అంతస్తు దండెం

గురువారం ఉతుకుడు. లలిత ఇంట్లో ఉన్న సబ్బులన్నీ పూలవాసనలే, వాటిని ముట్టుకోలేదు. లిమ్ గారిచ్చిన నీళ్ళతో కోటును బకెట్లో మూడుసార్లు జాడించాను. పసుపుకు ఎండంటే పడదు, అది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. ఎండ కావాలి.

ఈ ఊళ్ళో దండెం అంటే వంటింటి కిటికీలోంచి బయటికి చాచిన వెదురు గెడ. తొమ్మిదో అంతస్తులో ఆ గెడకు తడికోటు తగిలించి బయటికి తోస్తుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి. "పెద్దమ్మా, నీళ్ళు కారకూడదు, కింద వాళ్ళ బట్టలు తడిస్తే కొట్లాటకొస్తారు లా. కోటు పడిందంటే పోలీసులు," అని హాసిని వెనకనుంచి గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. ఒక చేత్తో గెడ పట్టుకుని, ఇంకో చేత్తో నా కొంగు పట్టుకుంది, నేను పడిపోతాననుకుందో ఏమో.

పదకొండింటికి ఎండ బాగా వచ్చింది. పన్నెండింటికి పొగ వచ్చింది.

కిందికి చూస్తే, పచ్చిక పక్కన ఒక చైనా ముసలమ్మ రేకు డబ్బాలో ఏవో కాగితాలు కాలుస్తోంది. పొగ నిలువుగా మా కోటు మీదికే. గెడ లోపలికి లాగి, కోటు మంచం మీద పడేసి, హాసినిని వెంటబెట్టుకుని కిందికి పరిగెత్తాను. తగాదాకే వెళ్ళాను. వెళ్ళి చూస్తే ఆవిడ కాలుస్తున్నది బట్టలు. కాగితంతో చేసిన చొక్కా, ప్యాంటు, టై, జోళ్ళు. ఒక కోటు కూడా ఉంది. గుండీలు అచ్చు వేసి ఉన్నాయి, కుట్టు ఒక్కటీ లేదు. ఇది వాళ్ళ ఏడో నెలట, పోయినవాళ్ళు ఇళ్ళకు వచ్చే నెల. కాల్చిన బట్టలు వాళ్ళకు చేరతాయట. మనమూ పెద్దలకు బట్టలు పెడతాం, కాకపోతే ఆనక మనమే కట్టుకుంటాం. నిలువునా కాల్చెయ్యడం చూసి నేను తగాదా సంగతే మర్చిపోయాను.

హాసినే మాట్లాడింది, కోటు గురించి, పొగ గురించి, రేపటి గురించి. ముసలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు కోట్లు చేస్తావా?" అని అడిగింది. అవునన్నాను. చేతిలో ఉన్న కాగితం కోటు ఎత్తి చూపిస్తూ, "మా ఆయనకి. చలి మనిషి," అంది. అది నిప్పుల్లో వెయ్యకుండా డబ్బా చెవి పట్టుకుని, ఈడ్చుకుంటూ భవనం అవతలి వైపుకు వెళ్ళిపోయింది. పోట్లాటకు వచ్చినదాన్ని, ఆవిడ వెనకాలే వెళ్ళి డబ్బా రెండో చెవి పట్టుకున్నాను.

సాయంత్రం దాకా ఎండ కాసింది. కోటు వాసన చూసి చూసి నా ముక్కు మొద్దుబారింది.

శుక్రవారం

శ్రావణ శుక్రవారం. లలిత తెల్లవారకముందే లేచి పూజ చేసింది. నా కాళ్ళకు పసుపు రాసింది. చింతపండు పులిహోర చేతిలో పెట్టి, "ప్రసాదం అక్కా, తినకుండా వెళితే ఎలా," అంది. తిన్నాను. సబ్బుతో శుభ్రంగా చెయ్యి కడుక్కున్నాను. ఇది మీరు గమనించాలి, శుభ్రంగానే కడుక్కున్నాను.

పదింటికి లిమ్ గారి గది. కోటు తీసి తగిలించి భుజం సవరించాను. ఆయన చెవితో విన్నారు, సరే. కాలరు, చంకలు, వెనక జేబు వాసన చూశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. "ఏమీ లేదు," అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీకటిగదిలోకి వెళ్ళాం. దీపం వెలిగింది. కాలరు నల్లగా ఉంది. బొట్టు పోయింది. జేబు మీదా పోయింది. ఆయన కోటు తిప్పారు.

భుజం మీద చెయ్యి ఉంది.

అవే ఐదు వేళ్ళు, అదే చోట. కోటును మూడుసార్లు ఉతికాను, రోజంతా ఎండలో పెట్టాను. కోటమ్మ చిలకలూరిపేటలో ఉంది. నాకు నిజంగా భయం వేసింది, ముందురోజు చూసిన ముసలమ్మా, పోయినవాళ్ళ నెలా గుర్తొచ్చాయి.

"నీ చెయ్యి," అన్నారు లిమ్ గారు మెల్లగా.

చెయ్యి దీపం కింద పెట్టాను. వేళ్ళు, గోళ్ళ చివరలు, అరచేతి గీతలు, అన్నీ పచ్చగా వెలిగిపోతున్నాయి. ఎప్పుడో మిషను సూది దిగి వంకర తిరిగిన చిటికెన వేలు నాది. కోటు మీద చిటికెన వేలు కూడా వంకరగానే ఉంది. బుధవారం కూడా అలాగే ఉంది. అది చూసి కూడా నేను కోటమ్మ అన్నాను.

నిమ్మకాయ పులిహోర తిని, పరాయి పిల్ల టిష్యూతో చెయ్యి తుడుచుకుని పైకి వచ్చింది నేను. భుజం సవరించింది నేను. చేతులు కడుక్కున్నానని చెప్పిన మనిషిని వాదించొద్దన్నదీ నేనే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గది చీకటిగా ఉండటం ఒక్కటే నాకు దక్కిన మర్యాద.

లిమ్ గారు తడిగుడ్డతో భుజం తుడిచి మళ్ళీ దీపం పెట్టారు. అప్పుడే అంటింది కాబట్టి పోయింది. లైటు వేశారు. "కోటు ఓకే," అన్నారు. బుధవారం నాటి ఫారం నా ముందుకు జరిపి, పేరు మీద వేలు పెట్టారు. "ఇది ఓకేనా?"

కోటమ్మ పేరు కొట్టేశాను. దాని పైన నా పేరు రాశాను.

ఆయన చదివి నా వైపు చూశారు. "క్వాలిటీ చూసేది నువ్వు కదా. ముట్టుకోకుండా ఎలా చూస్తావు?" అన్నారు. ఇంకొకరు చూస్తారన్నాను. లైన్లోకి వచ్చే ప్రతి చేతినీ దీపం కింద చూసి పంపడానికి ఒక మనిషి కావాలని ఇంకో గడి ఉంది, అందులో ఎవరి పేరు రాస్తావన్నారు. కోటమ్మ అని రాశాను. ఆయన సొరుగులోంచి చేతిలో పట్టేంత ఊదారంగు టార్చి తీసి ఇచ్చారు.

లిఫ్టు ముందు నిలబడి ఫోన్ చేశాను. "కోటమ్మా, ఆ చెయ్యి నాది," అన్నాను.

"చెప్పాగదమ్మా," అంది. అంతే. తరువాత, "పాసైందా?" అని అడిగింది. అయిందంటే, అక్కడ ఎవరితోనో గట్టిగా అరిచి చెప్పింది. ఆ అరుపు విని నేను అక్కడే, లారీ పట్టే ఆ లిఫ్టు ముందు, ఏడ్చేశాను.

తిరిగొచ్చాక

రెండో లైను తెరిచిన రోజున టార్చి వేస్తే ముప్పై ఆరుమంది చేతులూ వెలిగాయి. పప్పులో వేసిన పసుపు, కాళ్ళకు రాసుకున్న పసుపు, పుస్తెల తాడు పసుపు. కెవ్వుమన్నవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. చింతపండుతో, ఇసకతో తోమి తోమి గంట ఆలస్యంగా మిషన్లు ఎక్కారు. మొదటి పీసుకు పూజ లేదు. జేబు దేనికో కూడా చెప్పాను. కోటమ్మ జేబు అంచు లాగి చూసి, "నెత్తురైతే కుట్టు ఇంకా దగ్గరగా వెయ్యాల," అంది. పేరు మాత్రం మారలేదు, ఇప్పటికీ క్యారేజీ జేబే.

పొద్దున ఎనిమిదింటికి కోటమ్మ రెండో లైను గుమ్మంలో స్టూలు వేసుకుని, టార్చి పట్టుకుని కూర్చుంటుంది. మొన్న అలవాటుకొద్దీ నేనూ లోపలికి అడుగు పెట్టబోయాను. నా చెయ్యి పట్టుకుని దీపం వేసింది. ముందురాత్రి తిన్న పప్పు వెలిగింది.

"మీరు రాకూడదమ్మా. మీ పేరు రాసిచ్చారుగా," అంది. గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. నా చెయ్యి వదిలేసి, నా వెనకున్న అమ్మాయి చెయ్యి అందుకుంది. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.